కథలు రాసేవాళ్లు, వీడియో గేమ్స్: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

బరంపురంలో ఉంటూ తెలుగులో కథలు రాస్తాను. రాత్రి భోజనాలయ్యాక వీడియో గేమ్స్ ఆడతాను. ఈ రెండో సంగతి తెలిసిన పెద్దవాళ్లు "ఏటి నాయనా, రాసుకునే టైమంతా ఆటలకేనా?" అంటుంటారు. చాన్నాళ్లుగా ఆగిపోయిన నా నవలిక ఈ మధ్య మళ్లీ కదిలింది. కదిలించిన వాటిలో ఒక ఆట కూడా ఉంది.

అపోహ: గేమ్స్‌లో కథేముంటుంది, కాల్చుకోవడమే కదా.

2019లో వచ్చిన డిస్కో ఎలీసియమ్ దాదాపు అంతా సంభాషణే. అందులో పది లక్షలకు పైగా పదాలున్నాయి. ప్రధాన రచయిత రాబర్ట్ కుర్విట్జ్ అంతకుముందే నవల రాసిన ఎస్టోనియా మనిషి. అందులో డిటెక్టివ్ బుర్రలోని 24 గుణాలు తలో గొంతుతో మాట్లాడతాయి. తర్కం ఒకటి చెబుతుంటే సానుభూతి అడ్డం పడుతుంది, అధికారం మధ్యలో గద్దిస్తుంది. ఒక మనిషి లోపలి గొడవను ఇంత బాగా వినిపించిన రచన ఈ మధ్య నాకు తగల్లేదు.

అపోహ: నిర్ణయాలన్నీ ఆడేవాడే తీసుకుంటే రచయితకు పనేముంది?

పని పెరుగుతుంది. లూకాస్ పోప్ 2013లో చేసిన పేపర్స్, ప్లీజ్ చూడండి. ఆడేవాడు సరిహద్దు చెక్‌పోస్టులో గుమస్తా. వచ్చినవాళ్ల కాగితాలు సరిచూసి ముద్ర వేయాలి. రూల్స్ రోజురోజుకీ మారతాయి. చూసిన మనిషికి ఇంత అని జీతం. సాయంత్రం ఆ డబ్బుతోనే ఇంట్లో తిండి, వెచ్చదనం, మందులు. ఒకచోట భర్త కాగితాలన్నీ సరిగ్గా ఉంటాయి. వెనకే వస్తున్న భార్యపై దయ చూపమని అడిగి దాటిపోతాడు. ఆమె దగ్గర అనుమతి పత్రం ఉండదు. పంపిస్తే మీ రికార్డులో తప్పు పడుతుంది. ఇలాంటి తప్పులు పెరిగితే జీతంలో కోత. ఏం చేసినా ఆ దారికి తగ్గ ఫలితాన్ని రచయిత ముందే రాసి పెట్టుకోవాలి. ఈ ఆటకు 20 ముగింపులున్నాయి.

నా నవలిక 1936 నాటి పర్లాకిమిడిది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది, ఊరు అటు వెళ్లింది, జమీందారీలో కొంత భాగం మద్రాసులోనే ఉండిపోయింది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడి వదిలి రాజమహేంద్రవరం వెళ్లారు. నా కథలో ఒక కచేరీ గుమస్తా ఉండాలా, వెళ్లాలా అని నలిగిపోతుంటాడు. పాత ప్రతిలో అతని బాధంతా నేనే వివరించేశాను. ఇప్పుడు ఆ ఆటలోలాగే పొద్దున ఒక కాగితం, సాయంత్రం ఇంటిఖర్చు, మధ్యలో ఎవరో ఒకరి బతిమాలుడు, ఇంతే రాస్తున్నాను. అతని వైపు నుంచి ఆలోచించే పని పాఠకుడిది. అధ్యాయాలు సాగుతున్నాయి, రాయడంలో సంతోషం తిరిగొచ్చింది.

అపోహ: మన ఇళ్లకూ ఆ ఆటలకూ ఏం సంబంధం?

2023లో వచ్చిన వెన్బా కెనడా వెళ్లిన తమిళ కుటుంబం కథ. ఆ ఇంటి ఇల్లాలికి తన తల్లి ఇచ్చిన వంటల పుస్తకం పాడైపోయి ఉంటుంది. చెరిగిన చోట ఏముండేదో ఊహించుకుంటూ మనమే ఇడ్లీ వండాలి. కొడుకు పెరిగేకొద్దీ ఇంటి భాషకు దూరమవుతాడు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలున్న మా వీధుల్లో ఇది ఎవరికైనా గుచ్చుకుంటుంది.

అపోహ: తుపాకీ పట్టిన పాత్రగా ఆడితే మనిషి కూడా అలాగే తయారవుతాడు.

మా బరంపురం బుఢీ ఠాకురాణీ అమ్మవారి యాత్రలో పులివేషం కట్టినవాడు ఇంటికెళ్లి రంగు కడుక్కుంటాడు. ఆటలో పాత్ర కూడా అంతే. చిన్నపిల్లలకు మాత్రం వయసుకు తగినవే ఇవ్వాలి, ఇందులో నాకు రెండో మాట లేదు.

అపోహ: గేమ్స్ అంటే డబ్బులు పోగొట్టుకోవడం, వ్యసనం.

డబ్బు పందెం పెట్టి ఆడేవి వేరే జాతి. 2025లో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది ఆ ఆన్‌లైన్ మనీ గేమ్స్‌నే. వ్యసనం నిజంగానే ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని రుగ్మతల జాబితాలో చేర్చింది. అయితే ఇష్టంగా ఆడే ప్రతివాళ్లకూ అది వర్తించదు. అదుపు తప్పడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం, ఇవన్నీ మామూలుగా ఏడాది పాటు కనబడాలి. మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే తిట్టకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

అపోహ: ఖరీదైన కంప్యూటర్ కావాలి.

అన్నిటికీ అక్కర్లేదు. పేపర్స్, ప్లీజ్ 2022 నుంచి ఫోన్‌లోనూ ఉంది. రాసేవాళ్లు దానితో మొదలుపెట్టండి.