రైడ్ మధ్యలో ఆగిందంటే పాడైనట్టేనా?

మొన్న ఆదివారం సాయంత్రం మా రోలర్ కోస్టర్ పైకి ఎక్కుతూ ఎక్కుతూ సగంలో ఆగింది. తొమ్మిది నిమిషాల తర్వాత కదిలి, చుట్టు పూర్తి చేసుకుని స్టేషన్‌కు వచ్చింది. ఈలోగా కింద బ్యాగులకు కాపలా ఉన్న కుర్రాడు వీడియో తీసి స్నేహితుల గ్రూపులో పెట్టేశాడు: ‘బ్రేకులు ఫెయిల్, మావాళ్లు పైన ఇరుక్కుపోయారు’ అని. బ్రేకులు పనిచేయకపోతే బండి ఆగుతుందా బాబూ?

హైదరాబాద్ శివార్లలోని ఒక పార్కులో పన్నెండేళ్లుగా రైడ్ల నిర్వహణ చూస్తున్నాను. ఈ మాట వినని నెల లేదు. అందుకే ముందు దీని సంగతే తేలుద్దాం.

అపోహ: మధ్యలో ఆగిందంటే ఏదో తెగింది, లేదా విరిగింది.

వాస్తవం: ఎక్కువసార్లు మేము ఆపితేనో, యంత్రం తనంతట తాను ఆపుకుంటేనో ఆగుతుంది. ట్రాక్‌ను బ్లాకులుగా విడగొట్టి ఉంచుతాం. రైల్వేలో ఒక సెక్షన్‌లో బండి ఉండగా రెండో బండికి సిగ్నల్ ఇవ్వరు కదా, ఇక్కడా అదే లెక్క. ఏ బ్లాకులో బండి ఉందో సెన్సార్లు కంప్యూటర్‌కు చెబుతుంటాయి. ఒక్క సెన్సార్ చెప్పాల్సిన సమయానికి చెప్పకపోయినా కంప్యూటర్ ఊహించి సర్దుకుపోదు, ఆపేస్తుంది. సెన్సార్ మీద దుమ్ము పేరుకున్నా ఆపుతుంది, నిజంగా బండి ఆలస్యమైనా ఆపుతుంది. దానికి తేడా తెలియనవసరం లేదు, తెలుసుకోవాల్సింది మేము.

బ్రేకుల సంగతి చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. గాలి పీడనం వాటిని బిగించదు, తెరుస్తుంది. పీడనం పోతే వాటంతట అవే బిగుసుకుంటాయి. లారీ నడిపేవారికి ఇది కొత్త కాదు: ట్యాంకులో గాలి దిగిపోతే బండి అంగుళం కదలదు. కొన్నిచోట్ల అయస్కాంతాలతో నెమ్మదించే బ్రేకులుంటాయి, వాటికి కరెంటుతోనే పని లేదు. ఇక ఎక్కేటప్పుడు సీటు కింద వినిపించే ‘టక టక టక’ చప్పుడు విని, బండిని పైకి లాగే చైను అరిగిపోయిందని బిగుసుకుపోతారు పాపం. ఆ చప్పుడు చైనుది కాదు. బండి కింద ఉన్న కొక్కెం ట్రాక్ మధ్యలోని పళ్లపట్టీ మీద ఒక్కో పన్ను దాటుతున్న చప్పుడది. చైను తెగినా బండి వెనక్కి జారకుండా ఆపేది ఆ కొక్కెమే.

మరి ఈ అపోహ వల్ల నష్టం ఏమిటంటారా? భయంతో హార్నెస్‌లోంచి, అంటే భుజాల మీదుగా దిగి మనిషిని సీటుకు పట్టి ఉంచే బార్‌లోంచి, బయటకు రావాలని చూస్తారు. నాలుగేళ్ల కిందట ఒక డిగ్రీ కుర్రాడు అలాగే చేశాడు. బండి పైకెక్కే ఏటవాలు మీద ఆగి రెండు నిమిషాలు కూడా కాలేదు. పక్కవాళ్లు సరదాకి ‘ఇప్పుడు వెనక్కి జారుతుందిరా’ అన్నారట. సన్నటివాడు, ఒక భుజం బయటికి లాగేసుకున్నాడు. నేను పక్కనున్న ఇనుప మెట్ల మీదుగా ఎక్కి వెళ్లేసరికి ఒక చెప్పు కింద పడిపోయింది, రెండో కాలు గాలిలో మెట్టు కోసం వెతుకుతోంది. అక్కడి నుంచి కిందికి ఆరంతస్తులు. తిట్టాలనిపించింది కానీ అతని వేళ్లు చూశాక నోరు రాలేదు, బార్ మీద తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ‘ఏ ఊరు నాన్నా’ అని అడిగాను. జనగామ అన్నాడు. జనగామ గురించి నాలుగు మాటలు మాట్లాడుతూనే భుజం లోపల పెట్టించాను. తర్వాత ఒక్కో వరుసనే తెరిచి, ఒక్కొక్కరినీ మెట్ల మీదుగా దించాం.

కాబట్టి ఆగితే తల వెనక్కి ఆనించి కూర్చోండి. కరెంటు పోయినా హార్నెస్ దానంతట అది తెరుచుకోదు. మైకులో చెబుతాం, అవసరమైతే మేమే వస్తాం. చేయాల్సిందల్లా ఏమీ చేయకుండా ఉండటం.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

తలకిందులైనప్పుడు హార్నెస్ లేకపోతే ఊడి పడతామా? సరైన వేగంతో లూప్ తిరుగుతుంటే ఒంటి బరువు సీటు వైపే నొక్కుతుంది. 1895లో అమెరికాలోని కోనీ ఐలాండ్‌లో పూర్తి గుండ్రటి లూప్ కట్టి జనం మెడలు నొప్పెట్టించారు. 1976లో కాలిఫోర్నియాలో వచ్చిన రివల్యూషన్ అనే రోలర్ కోస్టర్ నుంచి లూపులు కన్నీటిచుక్క ఆకారానికి మారాయి. అలాగని హార్నెస్ వదులుగా పెట్టమని అడగకండి.

ఖాళీ కడుపుతో ఎక్కాలన్నది తప్పు. రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు తిని రండి, బిర్యానీ దిగాక. కళ్లు మూసుకుంటే కొందరికి తిప్పడం తగ్గదు, పెరుగుతుంది.

వెనక సీటులో ఊపు ఎక్కువన్నది నిజం. ముందు పెట్టెలు దిగిపోతూ చివరి పెట్టెను శిఖరం మీంచి లాగేస్తాయి. రోలర్ కోస్టర్ ఎక్కితే కిడ్నీలో రాళ్లు పడిపోతాయన్న వాట్సాప్ సందేశానికి కూడా ఒక మూలం ఉంది. అమెరికా పరిశోధకులు కిడ్నీ నమూనాను సంచిలో పెట్టుకుని రైడ్ ఎక్కి చూశారు. వెనక సీటులో సుమారు 64 శాతం, ముందు సీటులో సుమారు 17 శాతం రాళ్లు కదిలి బయటపడ్డాయని 2016లో ప్రచురించారు. నమూనాతో చేసిన పరీక్ష అది. మీరు మాత్రం డాక్టర్ దగ్గరికే వెళ్లండి.

గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవారు, వెన్ను ఆపరేషన్ అయినవారు బేరాలాడకండి. ఎత్తు కొలిచే కర్ర దగ్గర పిల్లల్ని మునివేళ్ల మీద నిలబెట్టే తల్లిదండ్రులకూ ఇదే మాట. ఆ కొలత ధైర్యానికి కాదు, బార్ తొడల మీద సరిగ్గా కూర్చోవడానికి.

అసలు ప్రమాదాలే జరగవని నేను చెప్పను. 2019లో అహ్మదాబాద్ కంకారియాలో ఊగే రైడ్ విరిగి ఇద్దరు చనిపోయారు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడికి వెళ్లినా, ముఖ్యంగా తాత్కాలికంగా వేసిన ఎగ్జిబిషన్లలో, ఒక్కటి చూడండి: ఆపరేటర్ ప్రతి ఒక్కరి బార్‌నూ చేత్తో లాగి చూస్తున్నాడా? చూడకపోతే దిగిపోండి, టికెట్ డబ్బు పోతే పోయింది.

ఆదివారం నాటి సంగతి చెప్పలేదు కదూ. బండి ఎక్కుతుండగా ఎవరిదో టోపీ ఎగిరి చైను పక్కన పడటం మా ఆపరేటర్ కెమెరాలో చూసి బటన్ నొక్కాడు. టోపీలు తీసేయమని గేటు దగ్గర మూడుసార్లు చెప్పాం. మెట్లెక్కి టోపీ తీసుకొచ్చింది నేనే. అది వీడియో పెట్టిన కుర్రాడి టోపీ, పైకి వెళ్లే స్నేహితుడికి ఎరువిచ్చాడట.