జార్‌ను దించింది లెనిన్ కాదు: 1917 ఫిబ్రవరి విప్లవంపై అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకూ, గ్రూప్స్‌కు చదివేవాళ్లకూ ప్రపంచ చరిత్ర చెప్తుంటాను. రష్యా విప్లవం మీద ప్రశ్న ఇస్తే చాలామంది జవాబు ఒకే దారిలో పోతుంది: జార్ (రష్యా చక్రవర్తి) చెడ్డవాడు, జనం ఆకలితో ఉన్నారు, లెనిన్ వచ్చాడు, విప్లవం గెలిచింది. 1917లో రష్యాలో జరిగినవి రెండు విప్లవాలు. మూడు వందల ఏళ్ల రొమనోవ్ రాజరికం కూలిపోయింది మొదటిదానిలో. దాన్ని పక్కకు నెట్టేస్తే మిగతా కథ కూడా తప్పుగానే అర్థమవుతుంది. అందుకే ఈ పోస్ట్.

ముందుగా తేదీల గందరగోళం తీర్చేద్దాం. అప్పటి రష్యా క్యాలెండర్ మనం ఇప్పుడు వాడే క్యాలెండర్ కంటే 13 రోజులు వెనక ఉండేది. అందుకే ఫిబ్రవరి విప్లవం మనకు మార్చిలో, అక్టోబరు విప్లవం నవంబరులో పడతాయి. కింద రష్యా పాత తేదీలే ఇస్తున్నాను.

అపోహ: జార్‌ను గద్దె దించింది లెనిన్, ఆయన పార్టీ బోల్షివిక్కులు.

వాస్తవం: రెండో నికోలస్ గద్దె దిగిన రోజున లెనిన్ స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఉన్నాడు. ట్రాట్‌స్కీ న్యూయార్క్‌లో, స్టాలిన్ సైబీరియా ప్రవాసంలో ఉన్నారు. అదే ఏడాది జనవరిలో జ్యూరిక్‌లో యువ కార్మికులతో మాట్లాడుతూ లెనిన్, రాబోయే విప్లవపు నిర్ణాయక పోరాటాలను తమ తరం చూడకపోవచ్చన్నాడు. ఆయన అప్పటి రాజధాని పెట్రోగ్రాడ్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) చేరింది ఏప్రిల్ 3న. అప్పటికి జార్ పదవి పోయి నెల దాటింది.

మొదలుపెట్టింది మహిళలు. ఫిబ్రవరి 23, అంటే మార్చి 8, అంతర్జాతీయ మహిళా దినోత్సవం. పెట్రోగ్రాడ్‌లోని వైబోర్గ్ ప్రాంతపు బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు పని ఆపి వీధిలోకి వచ్చారు. పక్కనున్న లోహ కర్మాగారాల దగ్గరికి వెళ్లి, లోపలున్న మగవాళ్లను బయటికి పిలిచారు. ఆ రోజు సమ్మె వద్దని స్థానిక బోల్షివిక్ కార్యకర్తలే ముందురోజు వాళ్లకు నచ్చజెప్పారు. వాళ్లు వినలేదు. మూడు రోజుల్లో నగరమంతా సమ్మెలోకి వచ్చింది. ఇంత పెద్ద విషయం మన నోట్సుల్లో ఒక్క వాక్యానికి కూడా నోచుకోకపోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

అపోహ: దేశంలో తిండిగింజలు లేక కరువు వచ్చింది, అందుకే తిరుగుబాటు.

వాస్తవం: ఆకలి నిజం, కారణం వేరు. మొదటి ప్రపంచ యుద్ధంతో, నల్ల సముద్రం నుంచి బయటికి పోయే దార్దనెల్స్ జలసంధి మూతపడి రష్యా ధాన్యం ఎగుమతి దాదాపు ఆగిపోయింది. అంటే గింజలు దేశంలోనే ఉన్నాయి. అవి పెట్రోగ్రాడ్ దాకా రాలేదు. రైళ్లు సైన్యానికి సరుకు మోయడానికే సరిపోయేవి కావు. ఆ ఏటి గడ్డకట్టే చలిలో ఇంజిన్లు కూడా మొరాయించాయి. ప్రభుత్వం నోట్లు ముద్రించుకుంటూ పోయింది, ధరలు మండిపోయాయి. ఆ డబ్బుతో కొనడానికి మార్కెట్లో వస్తువులు లేనప్పుడు రైతు మాత్రం ధాన్యం ఎందుకు అమ్ముతాడు? దాచుకున్నాడు. పగలంతా మిల్లులో పనిచేసిన ఆడమనిషి, రొట్టె కోసం మళ్లీ గంటల తరబడి క్యూలో నిలబడాల్సి వచ్చింది. రేషన్ పెడతారన్న వార్త పాకేసరికి టెన్షన్ ఇంకా పెరిగింది.

దీని వెనక పాత గాయం కూడా ఉంది. 1905 జనవరి 9న వినతిపత్రం పట్టుకుని జార్ కోట వైపు నడిచిన జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. ఆ ఏడాది తిరుగుబాట్లకు భయపడి అక్టోబరులో నికోలస్ డ్యూమా అనే శాసనసభ ఇస్తానన్నాడు, ఇచ్చాడు. కానీ మొదటి డ్యూమాను మూడు నెలలైనా నిండకుండానే రద్దు చేశాడు. రెండోదాన్ని 1907లో రద్దు చేసి, తనకు అనుకూలంగా ఎన్నికల చట్టాన్నే మార్చేశాడు. 1917 నాటికి ఆయన మాటను నమ్మేవాళ్లు పెద్దగా మిగల్లేదు.

అపోహ: జనం పెద్ద సంఖ్యలో వచ్చారు కాబట్టి ప్రభుత్వం పడిపోయింది.

వాస్తవం: జనం 1905లోనూ పెద్ద సంఖ్యలోనే వచ్చారు. అప్పుడు సైన్యం మొత్తం మీద జార్ పక్షాన నిలిచింది, ఈసారి నిలవలేదు. క్లాసులో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే.

నికోలస్ అప్పుడు మొగిల్యోవ్‌లోని సైనిక ప్రధాన కేంద్రంలో ఉన్నాడు. 1915లో తానే సర్వసైన్యాధిపతి అయి కూర్చున్నాడు కాబట్టి యుద్ధంలో ప్రతి ఓటమీ ఆయన ఖాతాలోకే వచ్చేది. ఫిబ్రవరి 25న నగర సేనాని ఖబలోవ్‌కు టెలిగ్రాం పంపాడు: రేపటికల్లా అల్లర్లు అణచివేయాలని. 26న కాల్పులు జరిగాయి, జనం పిట్టల్లా రాలిపోయారు. జ్నామెన్‌స్కాయా కూడలిలో కాల్చినవాళ్లలో వోలిన్‌స్కీ రెజిమెంటు శిక్షణ దళం ఒకటి. ఆ రాత్రి బ్యారక్‌లో ఆ సైనికులే మాట్లాడుకుని, ఇక జనం మీద కాల్చకూడదని నిర్ణయించుకున్నారు. 27 ఉదయం సార్జెంటు కిర్పిచ్నికోవ్ ముందుండగా ఎదురు తిరిగారు. కమాండర్ అక్కడే చనిపోయాడు. తర్వాత పక్క బ్యారక్‌లకు వెళ్లి మిగతావాళ్లను లేపారు. నగరంలో ఉన్న లక్షన్నరకు పైగా సైనికుల్లో చాలామంది కొత్తగా చేర్చుకున్న రైతుబిడ్డలు, యుద్ధానికి పంపుతారన్న భయంతో బతుకుతున్నవాళ్లు. సాయంత్రానికల్లా ఖబలోవ్ మాట వినే దళాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి.

చివరి దెబ్బ జనరళ్లది. రాజధానికి బయల్దేరిన జార్ రైలు దారి మళ్లి ప్‌స్కోవ్‌లో ఆగింది. సైన్యం చీఫ్ ఆఫ్ స్టాఫ్ అలెక్సేయెవ్ అడిగితే, యుద్ధరంగాల సేనానులు జార్ తప్పుకోవడమే మేలని జవాబిచ్చారు. మార్చి 2న నికోలస్ సంతకం పెట్టాడు, తమ్ముడు మిఖాయిల్‌కు పదవి అప్పగించాడు. మర్నాడు మిఖాయిల్ వద్దన్నాడు.

అపోహ: అంతా రాస్‌పుటిన్ వల్లే.

వాస్తవం: రాజకుటుంబానికి దగ్గరైన మతబోధకుడు రాస్‌పుటిన్ 1916 డిసెంబరులోనే హత్యకు గురయ్యాడు. రాజకుటుంబం పరువు తీశాడు, నిజమే. కానీ ఆయన పోయినా క్యూలు తగ్గలేదు, యుద్ధం ఆగలేదు.

అపోహ: ఇది రక్తం చిందని విప్లవం.

వాస్తవం: ఒక్క పెట్రోగ్రాడ్‌లోనే చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి వెయ్యి మందికి పైనే. క్రోన్‌స్టాట్ నౌకాస్థావరంలో నావికులు అడ్మిరల్ వీరెన్‌తో సహా అధికారులను చంపారు. అక్టోబరు తర్వాతి అంతర్యుద్ధంతో పోల్చి దీన్ని ప్రశాంత విప్లవం అనేస్తారు. ఆ పోలిక సరికాదు.

అపోహ: జార్ పోయాక డ్యూమా నాయకులు ఏర్పరచిన తాత్కాలిక ప్రభుత్వం ఏమీ చేయలేదు.

వాస్తవం: పత్రికలకు, సభలకు స్వేచ్ఛ ఇచ్చింది. రాజకీయ ఖైదీలను వదిలింది. యూదులతో సహా మత, జాతి ప్రాతిపదికన ఉన్న ఆంక్షలన్నీ ఎత్తేసింది. మార్చి 19న పెట్రోగ్రాడ్‌లో వేలమంది మహిళలు ఓటు హక్కు కోసం ఊరేగారు, ఆ వేసవిలోనే అది చట్టమైంది. బ్రిటన్, అమెరికా దేశవ్యాప్తంగా మహిళలకు ఓటు ఇచ్చింది ఆ తర్వాతే.

చేయనివి మూడు, ఆ మూడే దాన్ని ముంచాయి. యుద్ధం ఆపలేదు, పైగా జూన్‌లో కొత్త దాడి మొదలుపెట్టి ఓడిపోయింది. భూమి సమస్యను రాజ్యాంగ సభ తేలుస్తుందని వాయిదా వేసింది, రైతులేమో ఆగకుండా భూములు ఆక్రమించుకున్నారు. ఆ సభకు ఎన్నికలను కూడా వెనక్కి నెట్టింది. మరోవైపు కార్మికులు, సైనికుల విశ్వాసం వాళ్ల ప్రతినిధుల మండలి అయిన సోవియట్‌కు ఉంది. దాని మాట లేకుండా సైన్యం కదిలేది కాదు. బోల్షివిక్కులు శాంతి, భూమి, రొట్టె అన్నప్పుడు జనం ఎందుకు విన్నారో ఇక్కడ తెలుస్తుంది.

అపోహ: అక్టోబరులో దేశం మొత్తం బోల్షివిక్కుల వెనక నిలిచింది.

వాస్తవం: రాజ్యాంగ సభ ఎన్నికలు చివరికి నవంబరులో జరిగాయి, అంటే బోల్షివిక్కులు అధికారం చేపట్టిన తర్వాత. పెట్రోగ్రాడ్, మాస్కోల్లో వాళ్లదే పైచేయి, సైన్యంలోనూ బలం ఉంది. దేశం మొత్తం మీద మాత్రం వాళ్లకు నాలుగో వంతు ఓట్లు కూడా రాలేదు. రైతుల మద్దతుతో సోషలిస్టు రివల్యూషనరీలు అనే పార్టీవాళ్లు 40 శాతం దాకా తెచ్చుకున్నారు. సభ 1918 జనవరి 5న కూర్చుంది. దానికి మద్దతుగా ఊరేగిన జనం మీద అదే రోజు కాల్పులు జరిగాయి. మర్నాడు బోల్షివిక్ ప్రభుత్వం సభను రద్దు చేసింది.