కట్ట విప్పాలి టీచర్: ఉపాధ్యాయ శిక్షణపై అపోహలు – వాస్తవాలు

ఉపాధ్యాయ శిక్షణల్లో రిసోర్స్ పర్సన్‌గా ఏ మండలానికి వెళ్లినా టీ విరామంలో నాకు వినిపించే మాట ఒక్కటే: "సార్, మీరు చెప్పింది బాగానే ఉంది, మా పిల్లల దగ్గర చేసి చూశాను, కుదరలేదు."

అపోహ: మంచి పద్ధతి అయితే మొదటిసారే ఫలించాలి, లేకపోతే అది మన బడికి పనికిరాదు.

వాస్తవం: మన బడుల్లో మంచి పద్ధతులను ఎక్కువగా చంపింది ఈ నమ్మకమే. ఏళ్ల తరబడి ఒక తీరుకు అలవాటు పడిన చెయ్యి మరో తీరుకు మళ్లేటప్పుడు పాఠం కొన్నాళ్లు మునుపటికన్నా అధ్వానంగా నడవడం సహజం. శిక్షణలో నేర్చినది తరగతిలో నిలవాలంటే తోటివారు వచ్చి చూడడం, మాట్లాడుకోవడం, మళ్లీ చేయడం అవసరమని బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ అనే అమెరికన్ పరిశోధకులు 1980లలోనే చెప్పారు.

ఒక రెండో తరగతిలో, 32లోంచి 17 తీసివేతకు టీచరుగారు చీపురుపుల్లలను పదేసి చొప్పున కట్టలు కట్టి అందరికీ పంచారు. పది నిమిషాల్లో రబ్బరుబ్యాండ్లు ఎగిరాయి, పుల్లలు కత్తులయ్యాయి, సగం మంది పలకల మీద 25 అని వేశారు. 2లోంచి 7 పోదు కనుక 7లోంచి 2 తీసేశారన్నమాట. ఆమె పుల్లలన్నీ ఏరి బీరువాలో పెట్టి తాళం వేశారు. శిక్షణలో ఆ పుల్లలు ఎలా పంచాలో, ఎలా వెనక్కి తీసుకోవాలో నేను చెప్పనేలేదని వెనక బల్ల మీద కూర్చున్న నాకు అప్పుడు తట్టింది. మర్నాడు ఇద్దరికొక సెట్టు చొప్పున ఇచ్చి, పుల్లలు ముట్టుకోకముందే "రెండు విడి పుల్లల్లోంచి ఏడు ఎలా తీస్తారు?" అని అడిగి ఆమె ఊరుకున్నారు. మూడో రోజున గోడ పక్క కూర్చునే పాప "కట్ట విప్పాలి టీచర్" అంది.

అపోహ: ఏడాదికి 50 గంటల శిక్షణ పూర్తి చేయకపోతే ఇంక్రిమెంటు ఆగిపోతుంది.

వాస్తవం: వాట్సాప్‌లో తిరిగే ఈ మాటతో దయచేసి నిద్ర పాడుచేసుకోకండి. 2020 జాతీయ విద్యావిధానం ఆ గంటలను ఉపాధ్యాయుల ఆసక్తి మేరకు సాగవలసిన వృత్తి వికాసంగా చెప్పింది. ఇంక్రిమెంటు కోత మాట అందులో లేదు. పనితీరు అంచనాకు చూడదలచిన పలు అంశాల్లో ఆ గంటలు ఒకటి, అంతే.

ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్షాలో ఉపాధ్యాయ శిక్షణ కార్యక్రమం 'నిష్ఠ' పాఠాలు (మాడ్యూళ్లు) ముగించి సర్టిఫికెట్ దింపుకుంటే బోధన మారినట్టేనన్నది, సీనియర్లు మారరన్నది కూడా అపోహలే. పై టీచరుగారి సర్వీసు ఇరవై ఆరేళ్లు.

అపోహ: తరగతికి ఎవరు వచ్చి చూసినా అది తనిఖీయే.

వాస్తవం: ఈ భయాన్ని నేను తప్పుపట్టను, ఎందుకంటే మన దగ్గర చూడడానికి వచ్చినవారిలో ఎక్కువమంది రిజిస్టరు చూసి, సంతకం పెట్టి వెళ్లినవారే. అందుకే నేను రిజిస్టరు అడగను. ఇద్దరు పిల్లల పలకలు తీసుకుని, పీరియడు అయ్యాక టీచరుగారి ముందు పెట్టి, ఈ 25 ఎలా వచ్చి ఉంటుందని అడుగుతాను.