మందు ముందొచ్చింది, పరీక్ష ఎనభై ఏళ్ల తర్వాత వచ్చింది

థైరాయిడ్ లోపానికి మందు 1891లోనే దొరికింది. ఇంగ్లండ్‌లో జార్జ్ ముర్రే అనే వైద్యుడు గొర్రె థైరాయిడ్ గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి ఒక మహిళ జబ్బు నయం చేశాడు. 1914లో అమెరికా రసాయన శాస్త్రవేత్త కెండాల్, ఆ గ్రంథి తయారుచేసే థైరాక్సిన్ అనే హార్మోన్‌ను వేరుచేశాడు. అయినా పుట్టుకతో ఈ లోపమున్న పిల్లలు ఇంకా దశాబ్దాల పాటు బుద్ధిమాంద్యంతోనే పెరిగారు. ఎవరికి ఇవ్వాలో సమయానికి తెలిసేది కాదు.

తల్లి థైరాక్సిన్ కొంత మావి దాటి కడుపులో బిడ్డకు అందుతుంది. అందుకే పుట్టినప్పుడు చాలామందిలో ఏ తేడా కనబడదు. తర్వాత పచ్చకామెర్లు ఓ పట్టాన తగ్గవు, పాలకు తట్టి లేపాల్సి వస్తుంది, విరేచనం సరిగా అవదు. ‘మా బంగారుతల్లి అస్సలు ఏడవదు’ అని ఇంట్లోవాళ్లు మురిసిపోతుంటారు. నాలుక బయటికి రావడం, బొడ్డు ఉబ్బడం చూసి ఆసుపత్రికి పరుగెత్తేసరికి నెలలు గడిచిపోతాయి. 1972లో వెలువడిన ఓ అమెరికా అధ్యయనంలో, మూడు నెలల లోపు మందు మొదలైన పిల్లల సగటు ఐక్యూ 89. ఆరు నెలలు దాటినవాళ్లది 54.

దారి చూపింది వేరే జబ్బు. 1960ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ గత్రీ, ఫినైల్‌కీటోన్యూరియా అనే మరో పుట్టుజబ్బు కోసం మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలను ఫిల్టర్ కాగితంపై ఆరబెట్టి పరీక్షించే పద్ధతి తెచ్చాడు. కాగితం కాబట్టి మామూలు టపాలో పంపొచ్చు. అదే ఎండిన చుక్కలో థైరాక్సిన్ కొలవొచ్చని 1970ల తొలినాళ్లలో కెనడాలోని క్విబెక్‌లో జాన్ డ్యుసో నిరూపించాడు. తర్వాత చాలా దేశాలు టీఎస్‌హెచ్ కొలవడానికి మారాయి; థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్ ఇది, గ్రంథి సరిగా పనిచేయకపోతే పెరుగుతుంది. చిక్కేమిటంటే, కాన్పైన వెంటనే ప్రతి బిడ్డకూ టీఎస్‌హెచ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకే 48 గంటలు ఆగి తీస్తే మేలు. మన ఆసుపత్రుల్లో అప్పటికే చాలామందిని డిశ్చార్జి చేసేస్తారు.

మన దేశంలో మొదట అందరి కళ్లూ థైరాక్సిన్ తయారీకి కావాల్సిన అయోడిన్ మీదే పడ్డాయి. 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పుతో గాయిటర్ (మెడ దగ్గర థైరాయిడ్ వాపు) తగ్గుతుందో లేదో చూసే ప్రయోగం మొదలైంది. నడిపించినవారిలో ముఖ్యుడు మన శ్రీకాకుళంవాడు వులిమిరి రామలింగస్వామి. అది గొప్ప పనే. కానీ గ్రంథే ఏర్పడని బిడ్డకు ఉప్పు ఏం చేస్తుంది? ఆ బిడ్డను వెతికి పట్టుకోవాల్సిందే.

ఆ వెతుకులాటలో భాగంగా 2000లో హైదరాబాద్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో ప్రయోగాత్మకంగా పరీక్షలు మొదలయ్యాయి. సుమారు 18,300 మంది శిశువులను చూస్తే 1700 మందికి ఒకరిలో ఈ లోపం బయటపడింది. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పలు నగరాల్లో లక్షకు పైగా శిశువులను పరీక్షిస్తే లెక్క 1130కి ఒకరని తేలింది. పాశ్చాత్య దేశాల్లో చాలాకాలం చెప్పుకున్నది మూడు నాలుగు వేలకు ఒకరని. ఇక్కడ అంతకంటే ఎక్కువని తెలిశాక కూడా, దేశమంతా ప్రతి బిడ్డకూ తప్పనిసరిగా చేసే ఏర్పాటు రాలేదు. గోవా, కేరళ లాంటి కొన్ని చోట్ల ప్రభుత్వాలే పూనుకున్నాయి.

నన్నడిగితే, అసలు తంటా యంత్రంతో కాదు, చిరునామాతో. మన దగ్గర పురిటికి పుట్టింటికి వెళ్తారు. రిజిస్టరులో అత్తవారి ఊరు ఉంటుంది, ఫోను నంబరు తండ్రిది, బిడ్డేమో అమ్మమ్మ ఒడిలో. తేడా ఉందని రిపోర్టు వచ్చినా కబురు చేరాలి, రక్తం మళ్లీ తీసి నిర్ధారించాలి, రెండు వారాల్లోపు థైరాక్సిన్ మాత్ర మొదలుకావాలి. ఆ మాత్ర నలిపి, చెంచాడు తల్లిపాలలో కలిపి పట్టిస్తే చాలు. ధర కూడా పెద్దదేం కాదు.