ఆ కారు నేలను ఎలా పట్టుకుంటుంది?

బెజవాడ

చిరంజీవులు చిన్నోడికి, చిట్టితల్లికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నోడు "బుగాటీ వేరాన్ ఎంత స్పీడు పోతుంది తాతయ్యా?" అని అడిగితే, గంటకు 407 కిలోమీటర్లని చెప్పి ఊరుకున్నాను. రాత్రి పడుకున్నాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ముప్పై ఏళ్లు ఆటోనగర్‌లో బ్రేకులు, వీల్ అలైన్‌మెంట్ పని చేసినవాణ్ణి. అంత స్పీడులో ఆ కారు నేలను ఎలా పట్టుకుంటుందో, ఎలా ఆగుతుందో కదా మీకు చెప్పాల్సింది!

మన ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. ఆ స్పీడులో దాన్ని దాటడానికి 11 సెకన్లు చాలు. మీరు గేట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టేలోపే అవతలి ఒడ్డు వచ్చేస్తుంది.

2005లో వచ్చిన ఆ కారుకు 8 లీటర్ల ఇంజను, 16 సిలిండర్లు, ఇంజనులోకి గాలిని నొక్కి పంపే టర్బోలు 4, 1001 హార్స్‌పవర్. అంత బలం ఎందుకంటే గాలి వల్ల. స్పీడు రెట్టింపైతే గాలిని చీల్చుకుపోవడానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలి.

బలం ఎంతున్నా అది రోడ్డుకు చేరేది టైర్ల దగ్గరే. నిన్న మన కారు ముందు చక్రాన్ని జాకీతో లేపి, కింద పాత పేపరు పరిచి, టైరుకు తడి సున్నం రాసి దించాను. మళ్లీ లేపి చూస్తే పేపరు మీద అచ్చు నా అరచెయ్యంత ఉంది. వేరాన్ టైర్లు చాలా వెడల్పు కాబట్టి అచ్చు ఇంకాస్త పెద్దగా పడుతుంది, అంతే. 1,888 కేజీల కారు అలాంటి నాలుగు అచ్చుల మీదే నిలబడాలి.

బెంజ్ సర్కిల్ దగ్గర ఆర్టీసీ బస్సు తిరిగేటప్పుడు నిలబడ్డవాళ్లంతా ఒక పక్కకు ఒరిగిపోతారు చూశారా? కారు బరువూ అలాగే బయటి టైర్ల మీదికి పోతుంది, లోపలి టైర్లకు పట్టు తగ్గుతుంది. అందుకే ఇలాంటి కార్లను నేలకు దగ్గరగా కడతారు. ఇంజను కూడా సీట్ల వెనక, మధ్యలో ఉంటుంది. నీళ్ల బిందెను చంకన పెట్టుకుని గిర్రున తిరగొచ్చు, చేతులు చాచి పట్టుకుని తిరగలేం కదా!

వెనకాల రెక్క పైకి లేస్తే, మీద నుంచి పోయే గాలి కారును కిందికి అదుముతుంది. దాదాపు 350 కేజీల ఒత్తిడి, అంటే గుంటూరు యార్డులో ఎనిమిది మిర్చి టిక్కీల (బస్తాల) బరువు. కానీ ఆ రెక్కే గాలికి అడ్డం కూడా. దాన్ని లేపి ఉంచితే 407 అందదు. అందుకని డ్రైవరు కారు ఆపి ఇంకో తాళంచెవి తిప్పాలి. అప్పుడు కారు నేలకు ఆరున్నర సెంటీమీటర్ల ఎత్తుకు దిగుతుంది, రెక్క తగ్గుతుంది. ఆ తాళంచెవి తిప్పకపోతే 375 దగ్గరే ఆగిపోతుంది. బ్రేకు ముట్టుకున్నా ఆ ఏర్పాటు రద్దయిపోతుంది. అది తిన్నని దారికే పనికొస్తుంది మరి. నాకు ఆ బండిలో అన్నింటికన్నా నచ్చింది ఇదే. స్పీడు కావాలంటే కొంత పట్టు వదులుకోవాలని కట్టినవాళ్లు ఒప్పుకున్నారు.

ఇక ఆగడం. ఒకసారి ఘాట్ రోడ్డు దిగి వచ్చిన లారీ మా షెడ్డుకు వచ్చింది. చక్రం విప్పకముందే బ్రేకు లైనర్ కాలిన వాసన. బ్రేకు డ్రమ్ము మీద నీళ్లు చిలకరిస్తే సుయ్యిమంది. దారంతా బ్రేకు తొక్కుతూనే వచ్చాడట, చివరికి తొక్కినా పట్టలేదట. బ్రేకు చేసేది బండి ఊపును వేడిగా మార్చడమే. 40లో ఉన్న ఊపు కన్నా 400లో ఉన్నది వంద రెట్లు. అందుకే వేరాన్‌కు మామూలు ఇనుప బ్రేకు డిస్కులు కాకుండా, ఎక్కువ వేడిని తట్టుకునే కార్బన్ సిరామిక్ డిస్కులు వేశారు. పైగా గట్టిగా బ్రేకు కొడితే ఆ వెనక రెక్క అర సెకను లోపే బాగా ఏటవాలుగా లేచి గాలికి ఎదురు నిలుస్తుంది. అలా 400 నుంచి పది సెకన్లలోపు ఆగిపోతుంది.

సున్నం అచ్చు పడిన ఆ పేపరును మడతపెట్టి ఈ ఉత్తరంలో పెట్టాను. దాని మీద మీ అరచేతులు ఆనించి చూడండి.

మీ తాతయ్య