రెండు బండ్లు, మధ్యలో ఒక ట్యూబు

మా నాన్నకు పేగు ఆపరేషన్ అయిన మూడో రోజున స్కానింగ్ రాశారు. వార్డు నాలుగో అంతస్తులో, స్కానింగ్ గది కింద. వార్డ్ బాయ్ ఒక్కడే వచ్చాడు. కుడి చేత్తో మంచం తోస్తూ, ఎడమ చేత్తో సెలైన్ స్టాండ్ లాక్కుంటూ లిఫ్టు దాకా తెచ్చాడు. మంచం ముందు చక్రాలు గడప దాటాయి, వెనక చక్రాలూ దాటాయి. స్టాండ్ చక్రం ఒకటి మాత్రం లిఫ్టుకీ నేలకీ మధ్య సందులో దిగబడింది. మంచం ఆగలేదు. ట్యూబు దండెంలా బిగిసింది. నాన్న "అబ్బా" అన్నారు. స్టాండ్ ఆయన మీదికి ఒరుగుతుంటే నేను అందుకున్నాను. అప్పటికే చేతి మీద ప్లాస్టర్ సగం లేచిపోయి, దాని కింద దూది ఎర్రబడుతోంది.

ఆ కాన్యులా, అంటే సెలైన్ ఎక్కడానికి చేతిలో ఉంచే సన్నని గొట్టం, ఇక పనికి రాలేదు. 68 ఏళ్ళ మనిషికి ఇంకో చేతిలో నరం దొరకడానికి మూడుసార్లు పొడిచారు. (నరం అని అలవాటుగా అంటాం గానీ అది సిర.) ఆ కుర్రాడి మీద నాకు కోపం రాలేదు. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కడికి అప్పజెప్పారు, అతను చేతనైనట్టు చేశాడు. కాలేజీలో ఫిజిక్స్ పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి, ఆ లిఫ్టు గడప దగ్గర జరిగింది మాత్రం నా బుర్రలోంచి చాలా రోజులు పోలేదు. తర్వాత కూర్చుని లెక్కలు వేశాను.

మంచం, పరుపు, మనిషి కలిపితే తేలిగ్గా 180 కిలోలు ఉంటాయి. స్టాండ్, దానికి వేలాడే అర లీటరు బాటిల్ కలిపి 5 కిలోలు అనుకుందాం. మామూలు నడక వేగంతో, అంటే సెకనుకు 1 మీటరు చొప్పున పోతున్న ఆ మంచాన్ని 1 సెకనులో ఆపాలంటే 18 కిలోల బరువు ఎత్తినంత బలం పెట్టాలి. పావు సెకనులో ఆపాలంటే అది 70 కిలోలు దాటుతుంది. ఒంటి చేత్తో అయ్యే పని కాదు. స్టాండ్ సంగతి వేరు. నేల మీద పలక పగిలినా, చక్రానికి ఏదన్నా అడ్డం పడినా అక్కడికక్కడే ఆగిపోతుంది. ఏనుగునీ మేకపిల్లనీ ఒకే పలుపుతో కట్టి నడిపించినట్టన్నమాట. ఆ పలుపు ఇక్కడ సెలైన్ ట్యూబు.

ఆ ట్యూబు పొడవు సుమారు ఒకటిన్నర మీటరు. బాటిల్ చేతికన్నా మీటరు ఎత్తున ఉంటే, ఇక మిగిలేది అర మీటరు. మంచానికీ స్టాండ్‌కీ మధ్య దూరం ఒక్క అడుగు పెరిగితే చాలు, ఆ వదులు చాలావరకు అయిపోతుంది. ట్యూబు అవతలి కొస ఎక్కడుంది? పెద్దవాళ్ళకు ఎక్కువగా వాడే గులాబీ రంగు కాన్యులా మందం 1 మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, సిరలో ఉండే పొడవు 3 సెంటీమీటర్ల పైచిలుకు. దాన్ని చర్మానికి పట్టి ఉంచేది రెండు ముక్కల ప్లాస్టర్. మొత్తం ఏర్పాటులో అన్నిటికన్నా బలహీనమైన చోటు మనిషి చేతి మీదే ఉంది.

ట్యూబు ఊడకపోతే స్టాండ్ పడుతుంది. స్టాండ్ ఎప్పుడు పడుతుందో చెప్పడం తేలిక: దాని గరిమనాభి, అంటే బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కించే బిందువు, కాళ్ళ మధ్య జాగా దాటి బయటికి వచ్చినప్పుడు. ఇక్కడ కాళ్ళ సంఖ్యకు చాలా విలువ ఉంది. చక్రాలు నడిమి రాడ్ నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి. స్టాండ్ ఒరిగేటప్పుడు చక్రం వైపు ఒరగదు, రెండు చక్రాల మధ్య ఖాళీ వైపు ఒరుగుతుంది. నడిమి రాడ్ నుంచి ఆ అంచు దూరం, మూడు కాళ్ళ స్టాండ్‌కు 15 సెంటీమీటర్లే. నాలుగు కాళ్ళకు 21. అయిదు కాళ్ళకు 24. ఆఫీసు కుర్చీలకు నాలుగు కాళ్ళు మాని అయిదు పెట్టడంలోనూ ఇదే లెక్క ఉంది.

ఇప్పుడు ఆ 5 కిలోల అయిదు కాళ్ళ స్టాండ్‌నే తీసుకుందాం. ఒక చక్రం ఇరుక్కుని, 180 సెంటీమీటర్ల ఎత్తున పక్కకు లాగితే ఎంత బలానికి పడుతుంది? 5ని 24తో గుణించి 180తో భాగించండి. 700 గ్రాములు కూడా రాదు. ఒక కొబ్బరికాయ బరువు. బాటిల్ వేలాడేది, ట్యూబు లాగేది కూడా దాదాపు ఆ ఎత్తునే. అదే స్టాండ్‌ను నడుము ఎత్తులో, 90 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుని లాగితే, పడాలంటే దానికి రెట్టింపు బలం కావాలి. అందుకే స్టాండ్‌ను కిందికి పట్టుకోవాలి. మన చెయ్యి సహజంగా భుజం ఎత్తుకు పోతుంది, పోనివ్వకూడదు.

పంపు బిగించిన స్టాండ్లలో ఇంకో చిక్కు ఉంది. సెలైన్‌నీ మందుల్నీ కొలిచి ఎక్కించే ఈ ఇన్‌ఫ్యూజన్ పంపు బరువు రెండు మూడు కిలోలుంటుంది. బటన్లు కళ్ళకు ఎదురుగా ఉంటే సౌకర్యమని దాన్ని పైన బిగిస్తారు. ఒక మాదిరి స్టాండ్, రెండు అర లీటరు బాటిళ్ళు, రెండున్నర కిలోల పంపు పెట్టి లెక్క వేశాను. పంపు ఒకటిన్నర మీటరు ఎత్తున ఉంటే గరిమనాభి 88 సెంటీమీటర్ల దగ్గర ఉంది. పంపును 80 సెంటీమీటర్లకు దించితే అది 68కి దిగింది. వైద్య పరికరాల భద్రతకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60601-1 ప్రకారం, తరలించే స్థితిలో ఉన్న పరికరం 10 డిగ్రీల వాలు మీద కూడా పడిపోకూడదు. పంపు పైన ఉన్న మూడు కాళ్ళ స్టాండ్, నా లెక్కలో 10 డిగ్రీల లోపే పడింది. పంపు కిందికి దించితే అదే స్టాండ్ 12 డిగ్రీల దాకా నిలబడింది. పైసా ఖర్చు లేదు, ఒక మర వదులు చేసి మళ్ళీ బిగించడమే.

ఇక ఆ లిఫ్టు సందు. 3 సెంటీమీటర్ల సందు మీదికి 5 సెంటీమీటర్ల వ్యాసమున్న స్టాండ్ చక్రం వస్తే, అర సెంటీమీటరు కిందికి దిగుతుంది. దాన్ని బయటికి లాగడానికి ఆ చక్రం మోస్తున్న బరువులో ముప్పావు వంతు బలం కావాలి. మంచం చక్రం వ్యాసం పన్నెండున్నర సెంటీమీటర్లయితే, అది 2 మిల్లీమీటర్లు కూడా దిగదు, పావు వంతు బలంతో దాటేస్తుంది. గడప ఒకటే, మంచానికి అది గీత, స్టాండ్‌కు గుంట. అంతకన్నా ఘోరం ఇంకోటి ఉంది. ఈ చక్రాలు చుట్టూ తిరిగేవి. సందు దగ్గర చక్రం పక్కకు తిరిగి, సందుకు వరసగా వచ్చిందంటే, రెండు సెంటీమీటర్ల మందమున్న ఆ చక్రం మొత్తం లోపలికి దిగిపోతుంది. ఆ రోజు మాకు జరిగింది అదే. లిఫ్టు దగ్గర స్టాండ్‌ను దొర్లించకుండా రెండు చేతులతో ఎత్తి అవతల పెడితే ఈ బాధ ఉండదు. అందుకు రెండో మనిషి కావాలి.

ఒకరోజు నాన్న నిద్రపోతుంటే కింద కూర్చుని ఆ స్టాండ్ చక్రాలను దగ్గరగా చూశాను. అయిదింటిలో రెండు తిరగడం లేదు, జారుతున్నాయి. ఇరుసు చుట్టూ తల వెంట్రుకలు, దూది పోగులు, ప్లాస్టర్ ముక్కలు, ఒక చీర దారం చుట్టుకుని గట్టిగా ముద్దకట్టి ఉన్నాయి. వార్డులో ఊడ్చేటప్పుడు దొరకనివన్నీ అక్కడ పోగుపడతాయి. నా తాళంచెవి మొనతో లాగితే తాడులా వచ్చింది. అలాంటి స్టాండ్‌ను లాగితే తిన్నగా రాదు, ఎదురు తిరిగి ఒక పక్కకు కొట్టుకుపోతుంది. ఆసుపత్రుల్లో నెలకొకసారి కత్తెర పట్టుకుని చక్రాలు శుభ్రం చేసే పని ఎవరో ఒకరికి రాసిపెట్టాలని నేను గట్టిగా అనుకుంటాను.

అసలు రెండు బండ్లను పక్కపక్కన నడిపించడం ఎందుకు? చాలా మంచాలకు తలవైపు మూలల్లో గొట్టంలాంటి రంధ్రాలు ఉంటాయి. వాటిలో సెలైన్ రాడ్ దించి, బాటిల్‌ను దానికి తగిలిస్తే రెండు బండ్లు ఒక బండి అయిపోతాయి. మంచం ఆగితే బాటిల్ ఆగుతుంది, కదిలితే కదులుతుంది. ట్యూబు మీద లాగుడే ఉండదు. స్టాండ్ వార్డులోనే ఉండిపోతుంది. రాడ్ ఏ చేతికి సెలైన్ ఎక్కుతోందో ఆ వైపే ఉండాలి, ట్యూబు మనిషి మీదుగా అడ్డంగా పోకూడదు. మంచం పక్క కమ్మీలు ఎత్తేటప్పుడు ట్యూబు వాటి మధ్య నలగకుండా చూడాలి. మణికట్టు దగ్గర ట్యూబును ఒక చుట్టు తిప్పి ప్లాస్టర్ వేస్తే, ఎక్కడైనా తగులుకున్నా ముందు ఆ చుట్టు విప్పుకుంటుంది, కాన్యులా దాకా దెబ్బ రాదు. తలుపులు వచ్చినప్పుడు పైన రాడ్ ఎత్తు కూడా చూసుకోవాలి.

రాడ్ దొరకనప్పుడు మన దగ్గర జరిగేది ఒకటుంది. "పేషెంట్ తాలూకు ఎవరండీ? ఈ బాటిల్ కాస్త పైకెత్తి పట్టుకోండి" అంటారు. కొడుకో, అల్లుడో చెయ్యి పైకెత్తి మంచం పక్కన పరుగు పెడతాడు. రెండు నిమిషాలకు చెయ్యి లాగుతుంది, బాటిల్ దిగుతుంది. ట్యూబులో ఎర్రగా రక్తం కనబడుతుంది. అప్పుడు ఇంటివాళ్ళకు పట్టే టెన్షన్ అంతా ఇంతా కాదు.

అక్కడ జరిగేది పీడనాల పోటీ. బాటిల్‌లోని సెలైన్‌ను కిందికి నెట్టేది దాని ఎత్తు మాత్రమే. నీటికన్నా పాదరసం 13.6 రెట్లు బరువు కాబట్టి, మీటరు ఎత్తున్న సెలైన్ సుమారు 73 మిల్లీమీటర్ల పాదరసమంత పీడనం ఇస్తుంది. పడుకున్న మనిషి చేతి సిరలో పీడనం 10 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అంటే బాటిల్ జానెడు ఎత్తులోపుకు వచ్చిందంటే పోటీ సమానమైపోతుంది. ఇంకా దిగినా, రోగి దగ్గినా రక్తం వెనక్కి వస్తుంది. ఆ వచ్చిన రక్తం కొద్దిగానే ఉంటుంది, బాటిల్ ఎత్తగానే తిరిగి వెళ్తుంది. కాకపోతే కాసేపు అలాగే నిలిచిపోతే కాన్యులాలో గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. బాటిల్‌ను రోగి పొట్ట మీద పడుకోబెట్టడం ఇంకా తప్పు. చుక్కలు పడే డ్రిప్ ఛాంబర్ అడ్డం తిరిగితే అందులోని గాలి ట్యూబులోకి పోతుంది.

రోగికి ఎక్కేవి పైన ఉండాలి, రోగి నుంచి దిగేవి కింద ఉండాలి. తరలించే హడావిడిలో ఈ రెండోది మర్చిపోతారు. మూత్రం సంచిని తీసి మంచం మీద, రోగి కాళ్ళ మధ్య పెట్టేస్తారు. సంచి మూత్రాశయం కన్నా ఎత్తుకు వస్తే మూత్రం వెనక్కి పోతుంది, దానితో ఇన్‌ఫెక్షన్ కూడా పోవచ్చు. ఛాతీకి గొట్టం వేసిన వాళ్ళకయితే ఆ గొట్టం వెళ్ళి దిగే నీళ్ళ బాటిల్ ఎప్పుడూ ఛాతీ కన్నా కిందే, నిటారుగానే ఉండాలి.

ఐసీయూలో ఈ ఎత్తుల లెక్క ఇంకా సున్నితం. బీపీ నిలబెట్టే నార్‌అడ్రినలిన్ లాంటి మందులు సిరంజి పంపుతో గంటకు కొద్ది మిల్లీలీటర్లే పోతాయి. పంపును ఉన్నట్టుండి పైకెత్తితే కొంచెం మందు ఎక్కువగా దూసుకుపోతుంది, దించితే కాసేపు మందే పోదు. నార్‌అడ్రినలిన్ ప్రభావం ఒంట్లో కొద్ది నిమిషాలే ఉంటుంది, కాబట్టి ఆ కాసేపటికే బీపీ పడిపోవచ్చు. మంచం ఎత్తు సరిచేసేటప్పుడు, స్టాండ్ మీది పంపును మంచానికి మార్చేటప్పుడు మానిటర్ మీద ఒక కన్ను ఉండాల్సింది ఇందుకే.

ర్యాంపు గురించి ఒక్క మాట. 12 అడుగులకు 1 అడుగు ఎక్కే వాలులో 180 కిలోల మంచం కిందికి లాగే బలం 15 కిలోలు. దాన్ని పట్టుకోవడం ఒక పని, స్టాండ్ చూసుకోవడం ఇంకో పని, రెండూ ఒకే మనిషికి కుదరవు. ఎక్కేటప్పుడయినా దిగేటప్పుడయినా రోగి తల పై వైపే ఉండాలి.

అయిదు రోజుల తర్వాత నాన్నకు మళ్ళీ స్కానింగ్ రాశారు. ఈసారి డ్యూటీలో ఉన్న సిస్టర్ వేరే ఆవిడ. వార్డ్ బాయ్ స్టాండ్ మీద చెయ్యి వేయగానే "అది ఇక్కడే ఉండనీ తమ్ముడూ" అని, మంచం మూలన రాడ్ దించి బాటిల్ దానికి తగిలించింది. మూత్రం సంచి తీసి మంచం పక్క కొక్కేనికి కిందుగా వేలాడదీసింది. "బాబాయ్ గారూ, చెయ్యి పక్కన పెట్టుకోండి, కమ్మీ పట్టుకోవద్దు" అంది. నన్ను కాళ్ళవైపు రమ్మంది. లిఫ్టు గడప దగ్గర మంచం కాస్త ఎగిరింది, బాటిల్ ఊగింది, ట్యూబు వదులుగానే ఉంది.

కింద స్కానింగ్ గది బయట ఆవిడ గోడ గడియారం వైపు చూస్తూ, డ్రిప్ ఛాంబర్ దగ్గర నిలబడి పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. రాడ్ స్టాండ్ కన్నా పొట్టిది, ఆ మేరకు ధార తగ్గింది. ట్యూబు మీద ధారను సరిచేసే రోలర్‌ను కొంచెం పైకి తిప్పి మళ్ళీ లెక్కపెట్టింది. అర లీటరు 4 గంటల్లో వెళ్ళాలి, 20 చుక్కలకు 1 మిల్లీలీటరు పడే సెట్, అంటే నిమిషానికి 42 చుక్కలు. 20 సెకన్లకు 14. నేనూ లెక్కపెట్టాను. సరిగ్గా 14 పడ్డాయి.