తల్లి రెక్కకు బదులు ఒక వెచ్చని వలయం

చిత్తూరు వైపు పల్లెల్లో పెట్టను పొదగేసిన ఇంట్లో 21వ రోజు తర్వాత కాసేపు గంప దగ్గర కూర్చుంటే ఒక సంగతి కనిపిస్తుంది. పిల్లలు ఎప్పుడూ తల్లి కిందే ఉండవు. బయటికి వచ్చి కొద్దిసేపు నూకలు ఏరుకుని, చలి తగలగానే మళ్ళీ రెక్క కిందికి దూరిపోతాయి. వాటికి తల్లి ఇచ్చేది వేడి ఒక్కటే కాదు, ఆ వేడి నుంచి వెళ్ళి తిరిగి వచ్చే వీలు కూడా. బల్బు పెట్టి బ్రూడర్, అంటే తల్లి లేని పిల్లలను వెచ్చగా పెంచే చోటు, కట్టేవాళ్ళలో చాలామంది మరచిపోయేది ఈ రెండవదాన్నే.

అప్పుడే గుడ్డు నుంచి వచ్చిన పిల్ల బరువు 35 నుంచి 40 గ్రాములు ఉంటుంది. అంత చిన్న ఒంట్లో వేడి పుట్టించే కండ తక్కువ, బరువుతో పోల్చితే వేడిని పోగొట్టుకునే చర్మం ఎక్కువ. పైనున్న నూగు పొడిగా ఉన్నంతసేపే కొంత కాపాడుతుంది, తడిస్తే అదీ లేదు. అందుకే మొదటి వారం బల్బు కింద, పిల్ల వీపు ఎత్తులో, దాదాపు 35 డిగ్రీల సెల్సియస్ ఉండేలా చూసి, ఆపై వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తారు.

నేను మొదటిసారి పిల్లలను తెచ్చినప్పుడు అట్టపెట్టెలో పెట్టాను. తెల్లవారేసరికి నాలుగు పిల్లలు ఒక మూలలో మిగతావాటి కింద నలిగి చనిపోయి ఉన్నాయి. చలికి గానీ, భయానికి గానీ పిల్లలు మూలకు చేరి ఒకదానిపై ఒకటి ఎక్కుతాయి కనుకనే వాటి చుట్టూ పెట్టే అడ్డును, అంటే చిక్ గార్డును, గుండ్రంగా కడతారు. 50 పిల్లలకు ఒక మీటరుకు పైగా వ్యాసం, 45 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న అట్ట లేదా రేకు వలయం మొదటి వారానికి చాలు. పిల్లకు ఒకటి రెండు వాట్ల లెక్కన ఫిలమెంటు బల్బులను వలయంలో ఒక వైపుకు వేలాడదీస్తే రెండవ వైపు చల్లగా మిగులుతుంది. ఎల్‌ఈడీ బల్బు ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే మనం ఇంట్లో దాన్ని మెచ్చుకునేదే అది కరెంటును వేడిగా వృథా చేయదని. బల్బును దాని వైరుతో కాక గొలుసుతో గట్టిగా కట్టాలి. కింద పరిచిన ఊకపై పడితే అంటుకుంటుంది.

ఆ తర్వాత థర్మామీటరు కంటే పిల్లలనే ఎక్కువగా గమనించాలి. బల్బు కింద ముద్దగా చేరి గట్టిగా కీచుమంటుంటే చలి వేస్తున్నట్టు, అంచులకు పోయి ముక్కు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు. అన్నీ ఒకే పక్కకు ఒదిగితే ఎదుటి పక్కనుంచి ఈదర తగులుతోందని అర్థం. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం గదిలోనే 40 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. పుస్తకంలో ఉంది కదా అని అప్పుడూ బల్బు వెలిగిస్తే పిల్లలను మనమే చంపుకున్నట్టు. డిసెంబరు తెల్లవారుజామున కరెంటు పోతే బొగ్గుల కుంపటి తెచ్చేవాళ్ళు ఉన్నారు, కానీ గాలి ఆడని గదిలో దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. అది పిల్లలకే కాదు, కాపలా ఉన్న మనిషికీ ప్రాణాంతకం.

కింద పరిచేందుకు మన వైపు చెనక్కాయ పొట్టు చవకగా దొరుకుతుంది. అది పొడిగా ఉంటే మంచిదే; తడిసి బూజు పట్టినదైతే అందులోని ఆస్పర్జిల్లస్ అనే బూజు బీజాలు పిల్లల ఊపిరితిత్తుల్లోకి చేరి బ్రూడర్ న్యుమోనియా తెస్తాయి. ఇదే జాతికి చెందిన మరో బూజు చెనక్కాయ చెక్కలో అఫ్లటాక్సిన్ అనే విషాన్ని చేస్తుంది. 1960లో ఇంగ్లండులో అలాంటి చెక్క కలిసిన దాణా తిని లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయిన తర్వాతే ఆ విషం సంగతి బయటపడింది. కాబట్టి పొట్టును గుప్పిట నలిపి, వాసన చూసి తీసుకోవడం చాదస్తమేమీ కాదు.

పొట్టలో మిగిలిన పచ్చసొన రెండు మూడు రోజులు పోషిస్తుంది కనుక, దూరం నుంచి వచ్చిన పిల్లలకు మేతకంటే ముందు నీళ్ళు చూపించాలి. ఒక్కోదాని ముక్కును నీళ్ళలో ముంచి వదిలితే చాలు. పళ్ళెంలో గులకరాళ్ళు వేస్తే పిల్లలు అందులో పడి తడవవు.

మూడు నాలుగు వారాలకు ఈకలు వస్తాయి. రాత్రిళ్ళు పిల్లలు బల్బుకు దూరంగా, వలయం అంచున హాయిగా పడుకోవడం మొదలుపెడితే, ముందు పగలు, కొన్నాళ్ళకు రాత్రి కూడా దాన్ని ఆర్పేయవచ్చు.